మా వంటింటికి లక్షన్నర, ఒక గిన్నెలో ఉడికిన ప్లైవుడ్ ముక్కలు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న నెయ్యి డబ్బా కోసం పై అల్మారా తలుపు లాగితే తలుపు మొత్తం నా చేతిలోకి వచ్చీసింది. బందులు రెండూ తుప్పు పట్టి పొడైపోయాయి, ఆ పొడి కాస్తా కింద గట్టు మీద పెట్టుకున్న దోసెల పిండిలో పడింది. తలుపు ఊడినందుకు కాదు గానీ ఆ పిండి పారబోయాల్సి వచ్చినందుకు మాత్రం బాగా మండింది, పైగా ఆ రోజు ఇంటికి చుట్టాలు కూడా. ఆ తలుపుని ఫ్రిజ్ పక్కన ఆనించి ఉప్మా చేసి పెట్టాను, సాయంత్రం మా ఆయనతో చెప్పీసాను, ఈ ఏడు ఈ వంటిల్లు సంగతి తేల్చాల్సిందేనండీ అని.

మాది విశాఖలో, ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్, మా మామయ్యగారు 1997లో కొన్నారు. అప్పటి వంటిల్లే ఇప్పటికీ. కింద మొజాయిక్, గట్టుకీ అరలకీ కడప బండలు, గోడకి ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పాలకోవా రంగులోకి వచ్చేసిన చిన్న టైల్స్, అల్మారాలకి చాక్లెట్ రంగు సన్‌మైకా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన నీళ్ళు వంటింట్లో నిలిచిపోయాయి, ఆ దెబ్బకి కింద తలుపులు ఉబ్బిపోయాయి. అప్పట్నుంచీ వాటిని మోకాలితో ఒక తన్ను తంతేగానీ మూసుకోవు. మా పాప చిన్నప్పుడు నన్ను చూసి అదే నేర్చుకుంది, ఇప్పుడు ఇంటర్‌కి వచ్చింది, ఇంకా అలాగే తంతోంది.

ముందు అందరూ చేసే పనే మేమూ చేసాం, ఒక మాడ్యులర్ కిచెన్ షోరూంకి వెళ్ళాం. కాఫీ ఇచ్చారు, టీవీలో మా వంటింటి బొమ్మ గీసి అటూ ఇటూ తిప్పి చూపించారు, అంతా తెలుపు, బూడిద రంగు, హ్యాండిల్స్ కనపడని తలుపులు. మా పాప మొహం వెలిగిపోయింది. నాకూ బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. లోపల చెక్క ఏంటమ్మా అని అడిగాను. ఇంజనీర్డ్ వుడ్ మేడమ్ అంది ఆ అమ్మాయి. అంటే పార్టికల్ బోర్డా, ఎండీఎఫ్ఫా (రెండూ చెక్క పొట్టు జిగురుతో అదిమి చేసినవే, నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి) అంటే మళ్ళీ ఇంజనీర్డ్ వుడ్ మేడమ్ అనే అంది. ఆఖర్న కాగితం చేతికిచ్చారు, 4,85,000. చిమ్నీ, సింకు, గ్రానైట్, కరెంటు పని ఏవీ అందులో లేవు. మా ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కాఫీ మాత్రం బాగుంది అన్నారు.

మా దగ్గర ఉన్నది లక్షన్నర, అదీ నా చీటీ డబ్బులు. లోన్ తీసుకుని వంటిల్లు కట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ ఈఎంఐ కట్టినన్నాళ్ళూ పప్పుకి తాళింపు పెడుతుంటే వడ్డీ గుర్తొస్తుంది.

అప్పుడు చేసిన పని ఒకటుంది, అది చేసినందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటూ ఉంటాను. ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించి పక్కనే పెన్ను వేలాడదీసాను. రెండు వారాలపాటు వంట చేస్తున్నప్పుడు ఎక్కడ విసుగొస్తే అక్కడికక్కడ అది రాసెయ్యాలి, నేనైనా అత్తయ్యగారైనా మా ఆయనైనా. (ఆయన టీ పెడతారు, శనాదివారాలు చేపలు తోముతారు కూడా, ఆ మాట చెప్పకపోతే ఊరుకోరు.) రెండు వారాలయ్యాక కాగితం చూస్తే ముప్ఫై పైన ఉన్నాయి. లైటు వెనకాల ఉంది, కూర తరుగుతుంటే నా నీడ నా చాకు మీదే పడుతోంది. మిక్సీకీ గ్రైండర్‌కీ ఒకటే ప్లగ్గు. కందిపప్పు డబ్బా కోసం వంగి, కూర్చుని, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టాలి, అది మాత్రం అత్తయ్యగారు మూడు సార్లు రాసారు. సింకు లోతు లేదు, కుళాయి తిప్పితే పొట్ట తడిసిపోతోంది. మధ్యాన్నం గాలికి స్టవ్ మంట పక్కకి పోతోంది. సిలిండర్ జరిపిన చోటల్లా నేల మీద తుప్పు రింగులు. చేపలు కడిగాక ఆ వాసన రాత్రి దాకా.

మొత్తం కాగితంలో రంగు బాగాలేదు అని ఒక్కరూ రాయలేదు, పాతగా ఉంది అని కూడా ఎవరూ రాయలేదు. మేము షోరూంకి వెళ్ళింది మాత్రం వాటి కోసమే. అంటే నాలుగు లక్షల ఎనభై అయిదు వేలు పోసి కొనుక్కుందామనుకున్నది ఆ కాగితంలో లేనే లేదన్నమాట, కరెంటూ సింకూ అందులో ఎలాగూ కలపలేదు, ప్లగ్గు అప్పుడు కూడా ఒకటే ఉండేది.

అలా అని చూడ్డానికి ఎలా ఉన్నా పర్లేదు అనే సన్యాసం నాకు లేదు, ఇంకో ఇరవై ఏళ్ళు అందులోనే నిలబడాలి కదా. ముందు కాగితంలో ఉన్నవి, డబ్బులు మిగిలితే అందం అని లెక్క వేసుకున్నాం, అంతే.

తర్వాత మేస్త్రీని పిలిచాం, విజయనగరం వైపు ఆయన, మా పక్క అపార్ట్‌మెంట్‌లో బాత్రూంలు చేసాడు. నేను ముందే అన్నీ ఊహించేసుకుని, ఈ కడప బండలన్నీ పగలగొట్టి తీసెయ్యాలండీ అన్నాను. ఆయన వంగి చూసి బండ మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, "ఏటమ్మా, దీన్ని తీసేత్తారా? చెద పట్టదు, నీల్లకి ఉబ్బదు, ఇంత మందం బండ ఇప్పుడెవడు ఏత్తన్నాడు? తలుపులు పోతే తలుపులు మార్సుకోండి, గోడలేటి సేసాయి మిమ్మల్ని" అన్నాడు. లోపల గదిలోంచి అత్తయ్యగారు, అదే నేను మొన్నట్నుంచీ మొత్తుకుంటున్నా అన్నారు. నిజంగానే మొత్తుకున్నారు, నేనే వినలేదు.

ఆ ఒక్క మాటతో మా లెక్క సగానికి సగం దిగిపోయింది. మాడ్యులర్ అంటే తలుపుల వెనకాల ఆ డబ్బాలు ఉంటాయే, ఖర్చులో పెద్ద ముక్క అదే. మాకు ఆ డబ్బాలు 1997 నుంచీ ఉన్నాయి, రాతివి. బండల అంచుకి చుట్టూ చెక్క ఫ్రేము బిగించి దానికి కొత్త తలుపులు పెడితే చాలు. ఒక్క చోట మాత్రం, స్టవ్‌కి ఎడమ పక్క, మధ్యలో అడ్డం ఉన్న అర బండ తీయించి అక్కడ ప్లైవుడ్ డబ్బా చేయించి మూడు పెద్ద డ్రాయర్లు పెట్టించాం. కందిపప్పు అందులోకి వచ్చింది. లాగితే డబ్బాలన్నీ పైనుంచి కనపడతాయి, అత్తయ్యగారు మొదటి రోజు ఊరికే ఓ పదిసార్లు లాగి చూసారు.

కడప బండ అరలకి ఎంత మంచిదో గట్టుకి అంత మంచిది కాదు, ఇది చెప్పుకోవాలి. అది సున్నపురాయి జాతి, పులుపు పడదు. మా గట్టు మీద చింతపండు పిసికే చోట, నిమ్మకాయలు కోసే చోట తెల్లగా మచ్చలు పడి గరుకు తేలిపోయింది. అందుకని పాత గట్టు తీయకుండా దాని మీదే సిమెంట్ వేసి గ్రానైట్ పరిపించాం. గ్రానైట్ కోసం గాజువాక వైపు యార్డులు తిరిగాం. చీమకుర్తి గెలాక్సీ, ఆ నల్లటి దాంట్లో బంగారం చుక్కలు మెరుస్తాయే, అది చూడగానే మనసు పోయింది, రేటు వినగానే తిరిగొచ్చింది. టెక్కలి వైపు నుంచి వచ్చే నీలం ఛాయ ఉన్నది చూసాం, అదీ కొంచెం ఎక్కువే. చివరికి మామూలు నలుపు తీసుకున్నాం, అడుగు 180 పడింది. బండ మీద బండ వెయ్యడం వల్ల గట్టు ఎత్తు ముప్ఫై అంగుళాల నుంచి ముప్ఫై రెండు దాటింది. నా నడుముకి ముప్ఫై నాలుగు కావాలి, అత్తయ్యగారికి ముప్ఫయ్యే కావాలి. ఇద్దరికీ పూర్తిగా సుఖం లేదు, ఇద్దరికీ మరీ కష్టమూ లేదు, మా ఇంట్లో చాలా విషయాలు ఇలాగే నడుస్తాయి.

ఇంక ప్లైవుడ్. దొండపర్తి, ద్వారకానగర్ అన్నీ తిరిగాను, ఏ షాపుకెళ్ళినా అందరూ వాటర్‌ప్రూఫే అంటారు. నీళ్ళ దగ్గర వాడ్డానికి చూడాల్సింది ఐఎస్ 710 అనే ముద్ర, మెరైన్ ప్లై అనీ బీడబ్ల్యూపీ అనీ అంటారు. ఆ స్టాండర్డ్ ప్రకారం ముక్కని మరిగే నీళ్ళలో డెబ్బై రెండు గంటలు ఉంచినా పొరలు విడిపోకూడదు. ఎంఆర్ అని ఇంకోటి ఉంటుంది, అది కాస్త తేమని తట్టుకుంటుంది గానీ నీళ్ళని కాదు, చవక కాబట్టి ఎక్కువ అంటగట్టేది దాన్నే. ముద్ర ఎవడైనా కొట్టుకోవచ్చు కదా అని అనుమానం వచ్చి మూడు షాపుల్లో అరచెయ్యంత ముక్కలు అడిగి తెచ్చుకుని ఒక పాత గిన్నెలో వేసి ఉడకబెట్టాను. డెబ్బై రెండు గంటలు గ్యాస్ ఎవడు కాలుస్తాడు, నాలుగు గంటలు. పక్కింటావిడ గిన్నెల కోసం వచ్చి మూత తీసి చూసి ఏమీ అనకుండా మూత పెట్టేసింది. నాలుగు గంటలయ్యాక ఒక ముక్క ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలుగా విడిపోయింది. రెండోది అంచుల్లో కొంచెం నోరు తెరిచింది. మూడోది మాత్రం రంగు దిగింది గానీ గోటితో గీకినా పొర లేవలేదు. ఆ మూడో షాపువాడి దగ్గరే మూడు షీట్లు తీసుకున్నాం, అడుగు 110. మొదటి షాపువాడు తొంభైకే ఇస్తానన్నాడు, అదీ మెరైనే అని చెప్పి మరీ.

బందుల గురించి ఇంకా ఎక్కువ తిరిగాను, ఎందుకంటే మా కథ మొదలైంది అక్కడే కదా. మనకి వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటారు, వాస్తు ప్రకారం మాది పక్కాగా ఆగ్నేయమే. కానీ విశాఖలో ఆగ్నేయం వైపు ఉన్నది ఏంటి, సముద్రం. అంటే ఇంట్లో ఉప్పు గాలి ముందుగా కొట్టేది ఆ మూలనే. మా బెడ్‌రూం అల్మారా బందులు కూడా 1997వే, ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి, వంటింట్లోవి ఈలోపు రెండు సార్లు మార్చాం, ఇది మూడోసారి. అగ్నిదేవుడి సంగతి నాకు తెలీదు గానీ తుప్పుకి మాత్రం ఆ మూల భలే నచ్చింది.

షాపుల్లో స్టీల్ హింజులే మేడమ్ అని అయస్కాంతం పెట్టి చూపిస్తారు, చూడండి అంటుకోవట్లేదు, 304 గ్రేడు, అంటే తొందరగా తుప్పు పట్టని మంచి రకం అంటారు. ఇక్కడే నేను మొదట మోసపోబోయాను. 202 గ్రేడు అని ఇంకో రకం స్టీలు ఉంది, అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, చవక, ఉప్పు గాలికి తొందరగా మచ్చలు పడుతుంది. అది కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. అంటే ఆ పరీక్షతో మామూలు ఇనుమా కాదా అని తెలుస్తుందేమో గానీ 304 అవునా కాదా అన్నది తేలదు. నాకు ఈ సంగతి చెప్పింది స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మా పెదనాన్నగారు, ఫోన్లో ఓ అరగంట క్లాసు తీసుకున్నారు, 304లో క్రోమియం పద్ధెనిమిది శాతం, నికెల్ ఎనిమిది శాతం అని. ఆయన సలహా ఏంటంటే సరుకు మీద గ్రేడు చెక్కి ఉండాలి, బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి. బిల్లు మీద 304 అని రాయండి అనగానే ఒక షాపులో రేటు మారిపోయింది, ఇంకో షాపులో ఓనరు ఫోన్ వచ్చిందని బయటికెళ్ళిపోయాడు. రాసిచ్చినవాడి దగ్గర జత 380 పెట్టి పద్నాలుగు జతలు తీసుకున్నాం. తలుపుల మీద లామినేట్ దగ్గర మాత్రం పిసినారితనం చేసాం, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

చిమ్నీ వద్దనుకున్నాం. చాలామంది ఏంటీ చిమ్నీ లేకుండానా అన్నారు. మా వంటింటికి దక్షిణం కిటికీ ఉంది, అక్కణ్ణుంచి వచ్చే గాలి వేసవిలో సాయంత్రం దాకా ఆగదు, ఆ గాలికే మంట పక్కకి పోయేది. స్టవ్‌ని గట్టు మీదే రెండడుగులు ఉత్తరానికి జరిపాం, ముఖం తూర్పుకే కాబట్టి అత్తయ్యగారు ఒప్పుకున్నారు. కిటికీకి ఎదురుగా బాల్కనీ గోడలో ఒక తొమ్మిది అంగుళాల ఇనప ఎగ్జాస్ట్ పెట్టించాం. ఇంతకుముందు ఎగ్జాస్ట్ కిటికీలోనే ఉండేది, అంటే అది బయటికి ఊదుతుంటే సముద్రం లోపలికి ఊదేది, సముద్రమే గెలిచేది. ఇప్పుడు గాలి ఇటునుంచి వచ్చి అటు పోతోంది, పోపు ఘాటు కూడా దాంతోపాటే పోతోంది. చేపలు కడగడానికి ఆ బాల్కనీలోనే గ్రానైట్ మిగిలిన ముక్కతో చిన్న గట్టు వేయించి ఒక కుళాయి లాగాం. ఇప్పుడు ఆదివారం వంజరం తెచ్చినా ఇంకే చేప తెచ్చినా ఆ తతంగం అంతా బయటే.

రంగు దగ్గర మా పాపతో యుద్ధం జరిగింది. దానికి తెలుపు కావాలి, గట్టు కూడా తెల్ల క్వార్ట్జ్ కావాలి. అమ్మా, పసుపు అనే పదార్థం ఒకటి ఉందే మన ఇంట్లో అన్నాను. గ్రైండర్ చుట్టూ, పోపులపెట్టె చుట్టూ, ఆవకాయ కలిపే రోజు మొత్తం గోడ చుట్టూ. చివరికి పై తలుపులు లేత క్రీమ్, కింద తలుపులు ముదురాకుపచ్చ, హ్యాండిల్స్ ఉన్నవే. హ్యాండిల్ లేని తలుపులు జిడ్డు చేతులతో ఎలా తెరుస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గోడ టైల్స్ మధ్య మాత్రం ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం, మామూలు తెల్ల సిమెంట్ అయితే ఆర్నెల్లలో పచ్చబడిపోతుంది, దీన్ని తుడిస్తే పోతుంది.

పని ఉగాది అయ్యాక మొదలెట్టాం. అత్తయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే, ఆవకాయ టైముకి వంటిల్లు నాకు అప్పజెప్పాలి. మూడు వారాలు అన్నారు, నాలుగున్నర పట్టింది. బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ మీద వంట, బాత్రూంలో గిన్నెలు తోమడం, ఆ రోజులు గుర్తు చేసుకోవాలని లేదు.

లెక్క తప్పింది ఒక్క చోట, సింకు కింద. పాత సింకు తీయగానే ప్లంబర్ ఒక చూపు చూసి మా ఆయన్ని పిలిచాడు. గోడలో ఇనప పైపు, చెయ్యి పెడితే బిస్కెట్‌లా విరిగింది. డ్రైన్ పైపు దగ్గర చిన్న లీకు, ఎన్నాళ్ళుగానో, కింద ఫ్లాట్‌వాళ్ళ సీలింగ్‌కి చెమ్మ మాదే అని అప్పుడు తేలింది. పాపం వాళ్ళు రెండేళ్ళుగా టెర్రస్ లీకు అనుకుని అసోసియేషన్‌తో గొడవ పడుతున్నారు. గోడ కొట్టి ప్లాస్టిక్ పైపులు వేయించి, వాళ్ళ సీలింగ్‌కి ప్యాచ్ పెయింట్ వేయించేసరికి 11,800 అదనం. ఇక్కడొకటి ఆలోచించండి, మేము గనక షోరూంవాళ్ళ డబ్బాలు ఆ గోడకి ఆనించి బిగించేసి ఉంటే ఆ లీకు వాటి వెనకాల ఇంకెన్నాళ్ళు కారేదో, ఇంజనీర్డ్ వుడ్ ఏమయ్యేదో.

కరెంటు పనికి 12,500 అయింది, చెప్పుకోడానికి ఏమీ లేదు, అయిదు ప్లగ్గులు, తరిగే చోట పై అర కింద ఒక ఎల్‌ఈడీ లైటు, పాత వైరింగులో ఎర్త్ లేదని తెలిసి ఎర్త్ లాగి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ పెట్టారు. కాగితంలో ఎక్కువ గీతలు కొట్టేసింది మాత్రం ఈ పన్నెండు వేలే. తలుపులు, డ్రాయర్లు, కార్పెంటర్ కూలీతో కలిపి అరవై రెండు వేల దాకా పోయింది, అన్నిటికన్నా పెద్ద ఖర్చు అది. అంతా కలిపి లక్షా యాభై ఒక వెయ్యి. ఆ వెయ్యి మా ఆయన ఇచ్చారు, ఇచ్చిన దగ్గర్నుంచీ ఎవరొచ్చినా ఇది మేమిద్దరం కలిసి చేయించాం అంటున్నారు.

మే రెండో వారంలో ఆవకాయ కలిపాం. కొత్త గ్రానైట్ మీద నూనె ఒలికింది, తుడిచేసాం. కందిపప్పు డ్రాయర్ పక్కన ఉన్న అరలో రుబ్బురోలు యథాతథంగా ఉంది, ఎవరూ వాడరు, అయినా తీయడానికి అత్తయ్యగారు ఒప్పుకోలేదు, హుద్‌హుద్ అప్పుడు కరెంటు లేకపోతే పచ్చడి దాన్లోనే కదా రుబ్బింది అంటారు, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మిగిలింది అటక. దాని తలుపులు ఇంకా అదే చాక్లెట్ రంగు, అదే తుప్పు బందులు, లోపల ఏమున్నాయో ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలీదు. సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నారు మా ఆయన. ఏ సంక్రాంతో చెప్పలేదు.